కండరాల్లోని కరెంటు: పురుగుమందు సోకినవారి విషయంలో అది ఏం చెబుతుంది?

మిరపకు, పత్తికి మందు కొట్టే నెలల్లో దాచేపల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిడుగురాళ్ళ, సత్తెనపల్లి మీదుగా గుంటూరుకు పరుగెత్తే అంబులెన్సుల్లో పురుగుమందు సోకినవాళ్ళు ఉండడం మనకు కొత్త కాదు. మొదటి రోజు నోటి వెంట చొంగ, ఒళ్ళంతా చెమట, సూదిమొనంత అయిపోయిన కంటిపాపలు, గుండెల్లో గురగుర. డాక్టర్లు అట్రోపిన్ ఎక్కిస్తారు. రెండో రోజుకు మనిషి కళ్ళు తెరుస్తాడు, టీ అడుగుతాడు. "బాగానే ఉన్నా కదమ్మా, ఇంటికి పోదాం, ఇక్కడుంటే ఖర్చు" అని తనే తొందరపెడతాడు. ఇంట్లోవాళ్ళకూ అదే నిజమనిపిస్తుంది. అలా తేరుకున్నవాళ్ళలో కొందరికి మూడో రోజున దిండు మీది నుంచి తల లేవదు. గుటక పడదు. ఊపిరి పైపైనే ఆడుతుంది. ఆ గంటలో వెంటిలేటర్ దగ్గర ఉన్నవాడికి బతికే అవకాశం ఉంది. ఊళ్ళో మంచం మీద ఉన్నవాడికి అది లేదు.

రెండో రోజు టీ తాగుతున్నప్పుడే అతని చేతి కండరంలో తేడా మొదలై ఉండవచ్చు. అది కంటికి కనపడదు, నాడికి అందదు. కండరంలో పుట్టే కరెంటులో మాత్రం కనపడుతుంది. ఆ కరెంటును ఎలా పట్టుకుంటారు, ఎలా శుభ్రం చేస్తారు, ఏ లెక్క కట్టి చదువుతారు అన్నదే ఈ పాఠం. దీన్ని ఎలక్ట్రోమయోగ్రఫీ అంటారు, పొట్టిగా ఈ.ఎం.జి. వైద్య పరికరాలకు విరాళమిచ్చే పెద్దలు తెర మీది గీత ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటే, డబ్బు ఎక్కడ పెట్టాలో వారికే తెలుస్తుందని మా నమ్మకం. లెక్కలు కొన్ని వస్తాయి. భయపడాల్సినవేమీ కావు. ఒక్కచోట వర్గమూలం ఉంది, అంతే.

కరెంటు ఎక్కడిది?

ఇటలీలోని బొలోనాలో గాల్వానీ కప్ప కాళ్ళ మీద చేసిన ప్రయోగాలను 1791లో అచ్చువేశాడు. మనిషి తన ఇష్టంతో కండరాన్ని బిగించినప్పుడు కూడా అందులో కరెంటు పుడుతుందని 1849లో జర్మన్ శాస్త్రవేత్త డ్యుబోయ్ రేమాన్ చూపించాడు. చరిత్ర ఇంతటితో చాలు, అసలు సంగతికి వద్దాం.

వెన్నుపాములోని ఒక నాడీకణం నుంచి సన్నని తీగ ఒకటి బయలుదేరి కండరంలోకి వచ్చి, కొమ్మలుగా చీలి, కొన్ని కండర పోగుల దాకా చేరుతుంది. ఆ కణం, ఆ తీగ, ఆ పోగులు కలిసి ఒక జట్టు. వైద్యులు మోటార్ యూనిట్ అంటారు. మిరప యార్డులో మేస్త్రి కేక వేస్తే ముఠా అంతా ఒక్కసారి బస్తాకు చెయ్యి వేసినట్టు, నాడీకణం కబురు పంపితే ఆ జట్టులోని పోగులన్నీ ఒక్కసారే బిగుసుకుంటాయి. కనుగుడ్డును తిప్పే కండరాల్లో ఒక్కో ముఠాకు పోగులు చాలా కొద్ది. పిక్క కండరంలో వెయ్యి దాటుతాయి. కంటికి సున్నితం కావాలి, పిక్కకు బలం కావాలి.

నరం కొస, కండర పోగు ఒకదానికొకటి తగలవు. మధ్యలో చిన్న ఎడం ఉంటుంది. కబురు రాగానే నరం కొస అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఆ ఎడంలోకి వదులుతుంది. అది అవతలి ఒడ్డుకు చేరి పోగును లేపుతుంది. వెంటనే కోలినెస్టరేస్ అనే ఎంజైము వచ్చి దాన్ని తుడిచేస్తుంది. ఈ తుడవడాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలని మా మనవి. తుడిస్తేనే ఒక కబురుకు ఒకే కదలిక. తుడవకపోతే ఏమవుతుందో ముందు ముందు చూస్తాం.

లేచిన పోగు వెంట ఒక విద్యుత్ అల సెకనుకు సుమారు నాలుగు మీటర్ల వేగంతో సాగిపోతుంది. ఇలాంటి అలలు వందల పోగుల నుంచి, పదుల జట్ల నుంచి కలగాపులగమై చర్మం దాకా వస్తాయి. చర్మం మీద అంటించిన ఎలక్ట్రోడుకు అందేది ఈ కలగాపులగమే. ఒక్కో జట్టు గొంతు విడిగా వినాలంటే సన్నని సూది ఎలక్ట్రోడును కండరంలోకి గుచ్చాలి. లేదా పదుల ఎలక్ట్రోడ్లున్న పట్టీని చర్మం మీద వేసి, యార్డులో వంద గొంతుల మధ్య ఒక గొంతును పట్టుకున్నట్టు కంప్యూటరుతో వేరు చేయాలి. ఈ రెండోది ఇంకా ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉంది.

చప్పుడు తీసేసి మాట వినడం

గోడ గడియారంలో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టు. వోల్టులో వెయ్యో వంతు మిల్లీవోల్టు, దానిలో వెయ్యో వంతు మైక్రోవోల్టు. చర్మం మీద దొరికే కండర సంకేతం కొన్ని పదుల మైక్రోవోల్టుల నుంచి కొన్ని మిల్లీవోల్టుల దాకా, అంతే. అదే గదిలో ట్యూబులైటు, ఫ్యాను, ఏసీ, గోడలోని తీగలు ఉంటాయి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ గుయ్‌మనే 50 మన ఒంటి మీదికి కూడా వస్తుంది. ఒళ్ళే ఒక యాంటెన్నా. చాలాసార్లు అసలు సంకేతం కంటే ఈ గుయ్యే పెద్దది.

దీనికి మొదటి ఉపాయం తీసివేత. ఒకే కండరం మీద, సుమారు రెండు సెంటీమీటర్ల ఎడంతో రెండు ఎలక్ట్రోడ్లు పెడతారు. మూడోది ఎముక మీద ఎక్కడో ఆధారంగా ఉంటుంది. గుయ్ రెండింటికీ ఇంచుమించు సమానంగా వస్తుంది, కండరపు అల మాత్రం రెండింటికీ వేరుగా వస్తుంది. మొదటిదానికి గుయ్ 100, కండరం 3 కలిపి 103 వచ్చిందనుకోండి. రెండోదానికి గుయ్ 100, కండరం 1 కలిపి 101. ఒకదాని నుంచి ఒకటి తీసేస్తే 2 మిగులుతుంది. ఆ 2లో గుయ్ లేదు, కండరమే ఉంది. ఈ తీసివేతను యాంప్లిఫయరు చేసి, తర్వాత వెయ్యి రెట్లో అంతకన్నా ఎక్కువో పెంచుతుంది.

కానీ గుయ్ రెండు చోట్లా సమానంగా ఉన్నప్పుడే ఈ లెక్క కుదురుతుంది. ఒకచోట చర్మం శుభ్రంగా ఉండి, రెండోచోట చెమట, నూనె, మట్టి ఉంటే 100, 100 కాస్తా 100, 92 అవుతాయి. తీసివేశాక మిగిలేది గుయ్యే. స్పిరిటు ముంచిన దూదితో చర్మాన్ని తుడవడం, జెల్లు ఎండిపోని ఎలక్ట్రోడ్లు వాడడం, తీగలు వేలాడకుండా టేపు వేయడం — ఈ మూడూ ఖర్చులేని పనులు. వీటిని వదిలేసి తర్వాత కంప్యూటరులో ఎంత తంటాలు పడినా ఆ ఫలితం రాదు.

తర్వాత సంకేతాన్ని అంకెలుగా మార్చాలి. కంప్యూటరు గీతను గీతగా చూడదు. సెకనుకు ఇన్నిసార్లు అని తొంగిచూసి, చూసినప్పుడల్లా ఒక అంకె రాసుకుంటుంది. ఎన్నిసార్లు చూడాలి? సినిమాలో బండి ముందుకు పోతుంటే చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్టు కనపడడం మనందరికీ తెలుసు. కెమెరా తొంగిచూసే వేగం చక్రం వేగానికి చాలకపోతే అలా మోసం జరుగుతుంది. చర్మం మీది కండర సంకేతంలో పనికొచ్చే భాగం ఇంచుమించు సెకనుకు 20 నుంచి 500 కంపనాల మధ్య ఉంటుంది. అందులో పై అంకెకు రెట్టింపు, అంటే 1000 సార్లకు పైనే చూడాలి. 2000 సార్లు చూడడం మంచి అలవాటు.

ఇక వడపోత. 20కి కింద ఉండేది ఎక్కువగా తీగ కదలిక, చెమట వల్ల వచ్చే మెల్లని ఊపు. దాన్ని తీసేస్తారు. 500కు పైన ఉండేది ఎక్కువగా యంత్రపు సొద. దాన్నీ తీసేస్తారు. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా 50 దగ్గరే. సరిగ్గా 50ని మాత్రమే కోసే ఫిల్టరు ప్రతి యంత్రంలోనూ ఒక బటన్ రూపంలో ఉంటుంది. నొక్కితే తెర మీది గీత చక్కగా, అందంగా కనపడుతుంది. అయితే కండరపు బలమంతా ఎక్కువగా ఉండేది 50 నుంచి 150 మధ్యనే. ఆ బటన్ నొక్కితే కలుపుతో పాటు పైరు కూడా తెగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పెద్ద అల ఒకటి వచ్చి తగిలినప్పుడు, గంట కొట్టాక చాలాసేపు మోగినట్టు, ఆ ఫిల్టరు తనంత తాను కొన్ని దొంగ అలలు పుట్టిస్తుంది. పురుగుమందు పరీక్షలో ఈ దొంగ అల ఎంత ప్రమాదమో కాసేపట్లో తెలుస్తుంది. మా అభిప్రాయం అడిగితే, ఆ బటన్ జోలికి పోయే ముందు గది ఎర్తింగు చూపించుకోవాలి.

ఎంత బలం, ఎంత అలసట

అలలు సున్నాకు పైకీ కిందకూ సమానంగా ఊగుతాయి. వరుసగా నాలుగు అంకెలు వచ్చాయనుకోండి: ప్లస్ 3, మైనస్ 3, ప్లస్ 1, మైనస్ 1. కూడితే సున్నా, సగటు సున్నా. కండరం అసలు పనే చేయలేదన్నమాట! అందుకని మైనస్ గుర్తులు చెరిపేసి సగటు కడతారు. 3, 3, 1, 1 కలిపితే 8, సగటు 2. ఇంకో పద్ధతిలో ఒక్కో అంకెను దానితోనే గుణిస్తారు. 9, 9, 1, 1 కలిపితే 20, సగటు 5, దాని వర్గమూలం సుమారు 2.24. ఈ రెండో పద్ధతినే ఆర్.ఎం.ఎస్. అంటారు. సెకనులో ఐదో వంతు, పదో వంతు ముక్కలు తీసుకుని ఒక్కో ముక్కకు ఈ లెక్క కడుతూ పోతే గరుకు గీత కాస్తా నున్నటి కొండలా మారుతుంది. కండరం ఎప్పుడు బిగిసింది, ఎప్పుడు వదిలింది అందులో కనపడుతుంది. పక్షవాతం తర్వాత వ్యాయామం చేసేవారికి, చెయ్యి పోయినవారికి అమర్చే కరెంటు చెయ్యి తెరుచుకోవడానికి, మూసుకోవడానికి ఈ కొండే ఆధారం. ఒకరి కొండను ఇంకొకరి కొండతో పోల్చడం మాత్రం తప్పు. చర్మం కింద కొవ్వు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ఎవరి బలాన్ని వారి గరిష్ఠ బలంతోనే పోల్చాలి.

అలసటను ఎత్తు చూసి చెప్పలేం. స్థాయి చూసి చెప్పాలి. మన ప్రాంతపు దూదేకుల పెద్దలకు ఇది సులభంగా అర్థమవుతుంది. దూది ఏకే వింటి నారి బిగుతుగా ఉంటే టంగ్‌మని మోగుతుంది, వదులైతే ఆ మోత దిగిపోతుంది. ఎంత గట్టిగా కొట్టామన్నది వేరు, ఏ స్థాయిలో మోగిందన్నది వేరు. ఏ కలగాపులగపు అలనైనా రకరకాల స్థాయిల మోతలుగా విడదీయవచ్చని ఫ్రెంచి గణితవేత్త ఫూరియే రెండు వందల ఏళ్ళ కిందట చూపించాడు. కండర సంకేతాన్ని అలా విడదీసి, సగం బలం పైన, సగం కింద ఉండే మధ్య స్థాయిని గుర్తిస్తారు. కండరం అలసే కొద్దీ ఈ మధ్య స్థాయి కిందికి జారుతుంది. నారికి వదులైంది బిగుతు. కండరంలో తగ్గేది పోగు వెంట అల సాగే వేగం. పోలిక అంతవరకే.

16 లీటర్ల ట్యాంకు వీపున వేసుకుని మిరప చేలో మందు కొట్టేవాడి నడుము కండరంలోనూ, పొద్దంతా వంగి కాయ కోసే ఆడవాళ్ళ మెడ, భుజాల్లోనూ నొప్పి మొదలయ్యే ముందే ఈ జారుడు కనపడవచ్చు. అలసిన కండరంలో తరిగిపోయే నిల్వలలో ఒకటి ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని 1927లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి లోకానికి చెప్పినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి పిల్లలకు చెప్పదగ్గది కనుక ఇక్కడ రాశాం.

విషం సోకిన కండరం

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. మన పొలాల్లో వాడే పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫేట్లు అనే కుటుంబం ఒకటి ఉంది. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివి రైతులకు తెలిసిన పేర్లే. పురుగునూ మనిషినీ ఇవి ఒకే దారిలో దెబ్బతీస్తాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న తుడిచే ఎంజైమును కట్టిపడేస్తాయి. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు సీమ మిరపను తినేసినప్పుడు రైతులు ఏ మందు దొరికితే ఆ మందు కొట్టడం మనం చూశాం. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ పత్తి చేలలో మందు కొట్టినవాళ్ళు వందల మంది ఆసుపత్రి పాలయ్యారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

పత్తి పండే మరో తెలుగు సీమ వరంగల్. అక్కడి మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవారు 8040 మంది. వారిలో 22.6 శాతం మంది చనిపోయారు. ఈ లెక్కలు 2005లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చాయి. చేరినవారిలో అత్యధికులు పొరపాటున సోకినవారు కాదు, ఆవేదనలో ఉన్నవారు, ఎక్కువమంది ముప్ఫై ఏళ్ళ లోపువారు. అలాంటి మాట ఇంట్లో ఎవరి నోటి వెంట వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు, పక్కన కూర్చోండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు. ఎలా సోకినా కండరంలో జరిగేది మాత్రం ఒకటే.

ఈ విషం దెబ్బ రెండు విడతలుగా వస్తుందని 1974లోనే పుణే వైద్యుడు వాడియా, ఆయన బృందం గుర్తించి రాశారు. మొదటి విడత లక్షణాలు అట్రోపిన్‌కు లొంగుతాయి. తర్వాత వచ్చే కండరాల బలహీనత లొంగదు. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియెద్దే ఇలాంటి పదిమంది రోగుల గురించి రాసి, దానికి 'ఇంటర్మీడియట్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. మధ్యలో వచ్చే జబ్బు అని అర్థం. విషం సోకిన 24 గంటల నుంచి 96 గంటల మధ్య, మొదటి గండం గడిచిందనుకున్నాక వస్తుంది. మెడ, భుజాలు, తొడలు, ముఖం, చివరికి ఊపిరి తీసే కండరాలు బలం కోల్పోతాయి. అట్రోపిన్ చెమటను, చొంగను ఆపుతుంది కానీ నరానికీ కండరానికీ మధ్య ఉన్న ఆ ఎడంలో దానికి పని లేదు. రెండో రోజు మనిషి తేరుకున్నట్టు కనపడడానికి కారణం ఇదే. అట్రోపిన్ చేయగలిగింది చేసింది, చేయలేనిది మిగిలే ఉంది.

పరీక్ష ఇలా ఉంటుంది. మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు దెబ్బ ఇస్తారు. చిటికెన వేలి కింది కండరం మీద ఎలక్ట్రోడు పెట్టి, కండరమంతా ఒక్కసారి పలికిన పెద్ద అలను పట్టుకుంటారు. ఆరోగ్యవంతునికి ఒక దెబ్బకు ఒక అల. ఎంజైము కట్టుబడి ఉన్నవాడికి తుడవని అసిటైల్‌కోలిన్ అక్కడే నిలిచి పోగును మళ్ళీ లేపుతుంది. పెద్ద అల వెనకాలే కొన్ని మిల్లీసెకన్లలో ఇంకో చిన్న అల వస్తుంది, ఒక్కోసారి మూడోదీ వస్తుంది. ఒక కేకకు ముఠా రెండుసార్లు ఎత్తినట్టు.

తర్వాత వరుస దెబ్బలు ఇస్తారు. సెకనుకు 3 మొదలుకొని 30 దాకా వేగం పెంచుతూ పోతారు. ఆరోగ్యవంతుని అలలు ఇంచుమించు ఒకే ఎత్తులో వరుసగా నిలబడతాయి. విషం సోకినవాడి వరుస అర్థం కావడానికి మేము కొన్ని అంకెలు వేసుకున్నాం. మొదటి అల 10 మిల్లీవోల్టులు, రెండోది 6, మూడోది 7, నాలుగోది 8. ఒక్కసారి పడిపోయి మళ్ళీ లేస్తోంది. పడినది 10లో 4, అంటే 40 శాతం. పరిస్థితి ముదిరితే లేవడం ఆగిపోతుంది. 10, 6, 4, 2 అంటూ మెట్లు దిగుతూనే ఉంటుంది. 2008లో ప్రచురితమైన మరో శ్రీలంక అధ్యయనంలో 78 మంది రోగులకు రోజూ ఈ పరీక్ష చేశారు. బలహీనత బయటికి కనపడేలోపే అలల్లో ఈ మార్పులు వస్తున్నాయని, మార్పు ముదిరే కొద్దీ ఊపిరికి ముప్పు పెరుగుతోందని అందులో తేలింది. రెండో రోజు టీ తాగుతున్నవాడి సంగతి ఇది.

ఇక్కడ వడపోత గురించి ఇందాక చెప్పినదంతా తిరగబడుతుంది. బలం కొలిచేటప్పుడు మైనస్ గుర్తులు చెరిపి నున్నగా చేశాం. ఈ పరీక్షలో అలా నున్నగా చేస్తే వెనకాల వచ్చే చిన్న అల పెద్ద అలలో కలిసి మాయమవుతుంది. రోగి బాగున్నాడని రిపోర్టు వస్తుంది. 50ని కోసే బటన్ నొక్కితే పెద్ద అల వెనక ఫిల్టరు పుట్టించిన దొంగ అల నిలబడుతుంది. విషం లేనివాడిలో విషం కనపడుతుంది. ఒకే యంత్రం, ఒకే కండరం. కానీ ప్రశ్న మారితే శుభ్రం చేసే పద్ధతి మారాలి. ఏ ప్రశ్నకు ఏ పద్ధతో తెలియనివాడి చేతిలో ఖరీదైన యంత్రం ఉండడం కంటే లేకపోవడమే మేలని మేము అనుకుంటాం.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. చెయ్యి కదిలితే ఎలక్ట్రోడు జరిగి అల ఎత్తు మారుతుంది, కనుక చేతిని పలకకు కట్టాలి. దెబ్బ కరెంటును అల ఇక పెరగదన్నంత వరకు పెంచి, ఇంకాస్త పైన ఉంచాలి. లేకపోతే కొన్ని పోగులు ఒకసారి పలికి, ఒకసారి ఊరుకుని దొంగ లెక్క ఇస్తాయి. అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది చలి. ఏసీ గదిలో చల్లబడిన చేతిలో అలల పడిపోవడం తగ్గి కనపడుతుంది, జబ్బు దాక్కుంటుంది. చర్మం 32 డిగ్రీల దాకా వెచ్చబడ్డాకే పరీక్ష మొదలుపెట్టాలి. దీనికి కావలసింది గోరువెచ్చని నీళ్ళు, ఒక తువ్వాలు, పది నిమిషాల ఓపిక.

ఇదే యంత్రం వేరే జబ్బుల్లోనూ పనికొస్తుంది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో గిలియన్ బారీ సిండ్రోమ్ రోగులు చేరి, ఒకరు చనిపోయినప్పుడు మన ప్రాంతమంతా కలవరపడింది. అందులో దెబ్బతినేది నరం. రెండు చోట్ల దెబ్బ ఇచ్చి అల చేరడానికి పట్టిన సమయాల తేడాతో దూరాన్ని భాగిస్తే నరం వేగం వస్తుంది. ఆ వేగం తగ్గడం ఆ జబ్బు గుర్తుల్లో ఒకటి.

విరాళం, యంత్రం, మనిషి

ఈ.ఎం.జి. యంత్రం కొనిస్తామని ఎవరైనా దాత ముందుకొస్తే అడగవలసినవి కొన్ని ఉన్నాయి. దాన్ని నడిపే టెక్నీషియన్ ఉన్నారా, శిక్షణ ఎక్కడ, ఆ జీతం రెండో ఏడాది ఎవరిస్తారు? ఎలక్ట్రోడ్లు, జెల్లు, సూదులు నెలనెలా అయిపోతాయి, వాటి ఖర్చు లెక్కలో ఉందా? గది ఎర్తింగు ఎవరైనా కొలిచారా? రిపోర్టు మీద అంకెలతో పాటు అలల బొమ్మ కూడా అచ్చవుతుందా? బొమ్మ ఉంటే పెద్ద ఆసుపత్రిలో నరాల వైద్యుడు తన కళ్ళతో చూసి తేల్చుకోగలడు. అంకె ఒక్కటే ఉంటే యంత్రాన్ని నమ్మడం తప్ప ఆయనకు దారి లేదు. వీటికి జవాబులు లేనప్పుడు ఆ డబ్బును రోగి, తోడు వచ్చినవాళ్ళు నాలుగు రోజులు ఆసుపత్రి దగ్గర ఉండే ఖర్చుకు ఇవ్వడం ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని మా అంచనా. రెండో రోజు ఇంటికి పోదామనడానికి చాలా ఇళ్ళలో కారణం జబ్బు మీద నమ్మకం కాదు, జేబు ఖాళీ కావడం.

యంత్రం లేనిచోట కూడా ఒక పరీక్ష ఉంది. వెల్లకిలా పడుకున్న మనిషిని దిండు మీది నుంచి తల ఎత్తి, కొన్ని సెకన్లు అలాగే నిలపమనాలి. ఆరోగ్యవంతుడు సులభంగా చేస్తాడు. నిన్న నిలిపినవాడు ఈరోజు నిలపలేకపోతే, తల వణుకుతూ పడిపోతే, వెంటనే నర్సును పిలవాలి. మెడ బలహీనత ఈ జబ్బులో ముందుగా కనపడే గుర్తుల్లో ఒకటి. మాట ముక్కులోంచి రావడం, గుటక వేయడానికి ఇబ్బంది, ఒక్క ఊపిరిలో పది అంకెలు కూడా లెక్కపెట్టలేకపోవడం కూడా అలాంటివే. సమయానికి వెంటిలేటర్ మీద పెడితే చాలామంది కొన్ని రోజుల్లో, కొందరు రెండు మూడు వారాల్లో సొంతంగా ఊపిరి తీసుకోగలుగుతారు.

చేలో మందు సోకినవాణ్ణి తీసుకుపోయే ముందు తడిసిన బట్టలు విప్పి, ఒంటిని, జుట్టును సబ్బుతో కడగాలి. కడిగేవాళ్ళు తమ చేతులకూ అంటకుండా చూసుకోవాలి. వాంతి చేయించకూడదు. 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బాను మూత గట్టిగా బిగించి, సంచిలో పెట్టి, లేబులుతో సహా వెంట తీసుకుపోవాలి. విషం సోకిన రోజు, గంట ఒక చీటీ మీద రాసి డాక్టరుకు ఇవ్వాలి. 24 గంటలు, 96 గంటలు అన్న లెక్క ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాదు, ఆ గంట నుంచే మొదలవుతుంది.